నేల నీళ్ళలో సల్ఫేట్ 1400 వచ్చింది, ఎస్ఆర్‌సీ (సల్ఫేట్ రెసిస్టింగ్, అంటే సల్ఫేట్‌ని తట్టుకునే) సిమెంట్ వాడితే సరిపోద్దా?

కొత్తిల్లు22:
పిల్లర్ల పునాదికి (ఫుటింగ్‌కి) తవ్వితే ఆరడుగులకే నీళ్ళొచ్చేశాయండి. చవుడు నేల, ఎండిన చోటల్లా తెల్లగా పూత పూస్తుంది. నీళ్ళు టెస్ట్ చేయిస్తే సల్ఫేట్ లీటర్‌కి 1400 మిల్లీగ్రాములు అని రాశారు. మేస్త్రి ఏమో మామూలు సిమెంటే ఇంకో బస్తా ఎక్కువేద్దాం అంటాడు, ఇంకొకాయన సల్ఫేట్ రెసిస్టింగ్ సిమెంట్ తప్ప దారి లేదంటాడు. పక్కనున్న పాత షెడ్డు పిల్లర్లు నేలకి జానెడు పైన పెచ్చులూడి, గోరుతో గీకితే ఇసుకలా రాలుతున్నాయి, అది చూశాక నిద్ర పట్టట్లేదు.

సైట్‌పని:
సల్ఫేట్‌ని ల్యాబ్‌లు రెండు లెక్కల్లో రాస్తాయి, ముందు ఆ 1400 ఎస్‌ఓ3గా ఇచ్చారో ఎస్‌ఓ4గా ఇచ్చారో అడగండి. ఎస్‌ఓ3 అయితే 1.2తో గుణించాలి, 1680 అవుద్ది. అమెరికా కాంక్రీట్ కోడ్ ఏసీఐ 318 ప్రకారం ఎస్‌ఓ4 1500 కాడ గీత, అది దాటితే నీళ్ళు-సిమెంట్ నిష్పత్తి 0.45 మించకూడదు, దాటకపోతే 0.50 దాకా పర్లేదు. సిమెంట్‌లో సీ3ఏ అని ఒకటుంటుంది, దాన్నుంచి పుట్టినవాటితో సల్ఫేట్ కలిసి ఎట్రింగైట్ అనే సూదుల్లాంటి స్ఫటికాలవుతాయి, గట్టిపడ్డ కాంక్రీట్‌లో అవి పెరగడానికి చోటేది, అందుకే లోపల్నుంచి పగులుద్ది. ఎస్ఆర్‌సీలో సీ3ఏ 5 శాతం లోపే. మామూలు సిమెంట్ బస్తా పెంచితే సీ3ఏ కూడా పెరుగుద్ది, మీ మేస్త్రికి చెప్పండి 😀

గచ్చుమనిషి:
అన్నా ఎస్ఆర్‌సీ వేశాం కదా అని ధీమా పడకు. మా సైట్‌లో నేను ఫోన్ మాట్లాడి వచ్చేలోపు, మాల్ గట్టిగా ఉందని మిక్సర్లో బకెట్ నీళ్ళు కుమ్మరించారు, ఇక 0.45 కాగితం మీదే. ఆ ఎక్కువ నీళ్ళు ఆరాక సన్న సన్న దారులు మిగుల్తాయి, ఉప్పునీళ్ళు వాటిల్లోంచే ఎక్కుతాయి. షెడ్డు పిల్లర్లు నేలకి కాస్త పైనే పాడయ్యాయంటే బహుశా అదే, చెమ్మ పైకి పాకి అక్కడ ఆరిపోద్ది, ఉప్పు రంధ్రాల్లోనే గడ్డకట్టి పెచ్చు లేపుద్ది. దానికి ఏ సిమెంటైనా ఒకటే, కాంక్రీట్ చిక్కగా ఉండాలి, నీళ్ళు తగలకూడదు. సరిగ్గా వైబ్రేటర్ పెట్టి, క్యూరింగ్‌కి మంచినీళ్ళు వాడు, ఆ గుంటలో నీళ్ళతో మాత్రం తడపకు.

కొత్తిల్లు22:
ల్యాబ్‌కి ఫోన్ చేశా, ఎస్‌ఓ3 అంట 😩 పైగా క్లోరైడ్ కూడా ఎక్కువే ఉందన్నారు.

సైట్‌పని:
అయితే ఎస్ఆర్‌సీ ఆలోచన పక్కన పెట్టండి. క్లోరైడ్‌ని కొంత పట్టి ఉంచేది ఆ సీ3ఏనే, అది తగ్గితే కడ్డీలకి తుప్పు తొందరగా వస్తుంది. స్లాగ్ (ఇనుము కొలిమిలో మిగిలే చిట్టెం) 50 శాతం పైన ఉన్న సిమెంట్ రెండింటినీ తట్టుకుంటుంది, కాకపోతే బలం మెల్లగా వస్తుంది కాబట్టి తడపడం రోజులు పెంచాలి. ఫుటింగ్ కింద పీసీసీ (కడ్డీల్లేని పలచటి కాంక్రీట్ పొర) మీద ప్లాస్టిక్ షీట్, పక్కలకి, నేల మట్టం పైన అడుగు దాకా బిటుమెన్ (తారు) రెండు కోట్లు. మెగ్నీషియం ఎంతో కూడా అడగండి, మెగ్నీషియం సల్ఫేట్ అయితే అది సిమెంట్ జిగురునే తినేస్తుంది, అప్పుడు కోటింగ్ తప్పనిసరి.

కొత్తిల్లు22:
సరేనండి, రేపు అది కూడా కనుక్కుని ఇక్కడే పెడతా. గుంట అప్పటిదాకా తోడిస్తూనే ఉంటా.