ఒకే గుంత ఉన్న మరుగుదొడ్లు, కాలువలోకి పోయే సెప్టిక్ ట్యాంకులు: స్వచ్ఛ భారత్ రెండో దశలో వీటిని సరిచేయడం ఎలా?

కృష్ణాతీరం (ప్రశ్న)

పంచాయతీ జనాభా 3,200. ఊరికి మొదటి దశలోనే ఓడీఎఫ్ (బహిరంగ మలవిసర్జన లేని ఊరు) బోర్డు పడింది. ఇప్పుడు ఓడీఎఫ్ ప్లస్ (చెత్త, మురుగునీటి నిర్వహణ కూడా ఉన్న) ‘మోడల్’ గ్రామంగా పేరు పంపమంటున్నారు. గుంతల మూతలు ఎత్తి చూస్తే మాత్రం పరిస్థితి వేరు. 2014–19 మధ్య కట్టినవాటిలో చాలావాటికి ఒకటే గుంత, అదీ సిమెంటు వరలు (రింగులు) దించి కీళ్లన్నీ సిమెంటుతో పూసేసినవి. సొంత డబ్బుతో కట్టుకున్న ఇళ్లకు సెప్టిక్ ట్యాంకులు ఉన్నాయి, వాటి అవుట్‌లెట్ పైపు నేరుగా వీధి కాలువలోకి. నేల నల్లరేగడి. వానాకాలం వస్తే బేసిన్‌లో నీళ్లు వెనక్కి తన్నుతాయి, అప్పుడు మళ్లీ చెంబు పట్టుకుని గట్టుకు పోవడమే.

అడిగేవి మూడు. ఒకే గుంత ఉన్నవాళ్లకు మరుగుదొడ్డికి ఇచ్చే 12,000 రూపాయల సాయం మళ్లీ వస్తుందా? రాకపోతే ఏ పద్దు నుంచి పెట్టాలి? నల్లరేగడిలో రెండు గుంతల పద్ధతి (ఒకటి వాడుతుంటే, నిండిన రెండోది మూసి ఆరబెట్టడం) అసలు పనిచేస్తుందా, లేక అందరికీ సెప్టిక్ ట్యాంకే చెప్పాలా?

గుంతమేస్త్రీ

మూడో ప్రశ్నకు ముందు జవాబు చెప్తాను. మిగతావి దాని మీదే ఆధారపడతాయి.

చెంబుతో నీళ్లు పోసే మరుగుదొడ్డి నుంచి మనిషికి రోజుకు సుమారు 9.5 లీటర్లు గుంతలోకి వెళ్తాయని డిజైన్‌లో తీసుకుంటారు. ఐదుగురికి దాదాపు 48 లీటర్లు. గుంత లోపలి వ్యాసం 1 మీటరు, పైపు కింద లోతు 1 మీటరు అనుకుంటే ఇంకే గోడ 3.14 చదరపు మీటర్లు. అడుగు భాగం తొందరగా పూడుకుపోతుంది కాబట్టి లెక్కలో వేయరు. ఇసుక కలిసిన గరప నేల చదరపు మీటరుకు రోజుకు 30 లీటర్లు పీలుస్తుంది, అంటే 94 లీటర్లు. హాయిగా సరిపోతుంది. నల్లరేగడి పీల్చేది 10 లీటర్లే. 31 లీటర్లు ఇంకే గుంతలో 48 పోస్తే ఎక్కడికి పోతాయి? బేసిన్‌లోకే.

దీనికి మందు గుంతను లోతుగా తవ్వడం కాదు. వర చుట్టూ బయట 300 మిల్లీమీటర్ల (అడుగు) మందాన ఇసుక, కంకర లేదా ఇటుక ముక్కలు నింపాలి. అప్పుడు నేలను తాకే వ్యాసం 1.6 మీటర్లవుతుంది, గోడ 5 చదరపు మీటర్లు, ఇంకేది 50 లీటర్లు. ఐదుగురికి అంచు మీద సరిపోతుంది. ఏడుగురుంటే వ్యాసం పెంచాలి.

ఈ లెక్క నిలబడాలంటే రెండు షరతులు. స్నానాల గది నీళ్లు ఆ గుంతలోకి రాకూడదు. మనిషికి ఒక బకెట్ వేసుకున్నా ఈ 48 కాస్తా రెండు మూడింతలవుతుంది, ఏ గుంతా తట్టుకోదు. రెండోది బేసిన్. గ్రామీణ మరుగుదొడ్డికి చెప్పిన బేసిన్‌కి 25 నుంచి 28 డిగ్రీల వాలు, కింద 20 మిల్లీమీటర్ల నీటి సీలు ఉన్న ట్రాప్ (వాసన పైకి రాకుండా నీళ్లు నిలిచే వంపు గొట్టం) ఉంటాయి. ఒకటిన్నర, రెండు లీటర్లతో కొట్టుకుపోతుంది. టైల్స్ షాపులో దొరికే చదును బేసిన్ పెట్టి ఫ్లష్ ట్యాంకు బిగిస్తే ఒక్కసారికి 10 లీటర్లు. గుంత తప్పు లేకపోయినా గుంతనే తిడతారు.

వరల కీళ్లకు సిమెంటు పూయడం మేస్త్రీలకు బావి అలవాటు. ఇది బావి కాదు, నీళ్లు బయటికి పోవాల్సిన గుంత. వరలకు 50 మిల్లీమీటర్ల రంధ్రాలుండాలి, కీలు ఖాళీగా వదలాలి, అడుగు తెరిచి ఉంచాలి. ఇటుకతో అయితే తేనెపట్టులా ఖాళీలు వదిలి కట్టాలి. పైపు మట్టం పైన ఉండే వరుసలు మాత్రం గట్టిగా, ఖాళీ లేకుండా. గాలి గొట్టం అక్కర్లేదు, వాయువును మట్టే పీల్చుకుంటుంది. సెప్టిక్ ట్యాంకుకు కావలసినది దీనికీ తగిలించి బిల్లు పెంచుతున్నారు.

ఎం-బుక్

డబ్బు సంగతి. 12,000 (కేంద్రం 7,200, రాష్ట్రం 4,800) ఒకసారి తీసుకున్న కుటుంబానికి మళ్లీ రాదు. రెండో దశలో అది కొత్తగా ఏర్పడిన ఇళ్లకు, మొదట్లో తప్పిపోయిన అర్హులకు.

అసలు ఈ ఒంటి గుంతలు ఇన్ని ఎలా వచ్చాయో కూడా చెప్పుకోవాలి. డబ్బు విడుదలకు జియోట్యాగ్ (తీసిన చోటు నమోదైన) ఫొటో ఉంటే చాలు. ఫొటోలో గది, తలుపు, లబ్ధిదారు కనిపిస్తారు, భూమిలో ఉన్నది కనిపించదు. 1986 నాటి కేంద్ర పథకం నుంచి, 1999 సంపూర్ణ పారిశుద్ధ్య ప్రచారం మీదుగా 2019 దాకా లెక్క పెట్టింది గదులనే. 2022 అక్టోబరు 2న ఒంటి గుంతలను జంట గుంతలుగా మార్చే ప్రచారాన్ని కేంద్రం విడిగా మొదలుపెట్టాల్సి వచ్చిందంటే కారణం అదే.

ఇప్పుడు మీ ఊరి అంకెలు. రెండో దశ నిబంధనల్లో 5,000 లోపు జనాభా ఉంటే చెత్తకు మనిషికి 60 రూపాయల దాకా, వాడుక నీటికి (ఇళ్ల వంటగది, స్నానాల నీళ్లకు) 280 దాకా. (5,000 దాటితే 45, 660.) మీ 3,200 మందికి చెత్తకు 1,92,000, వాడుక నీటికి 8,96,000, మొత్తం 10,88,000. ఇది పరిమితి, హక్కు కాదు. ఎస్టిమేట్ ఎంతుంటే అంతే వస్తుంది. ఇందులో 70 శాతం, అంటే 7,61,600 స్వచ్ఛ భారత్ మిషన్‌ది. మిగతా 3,26,400 పంచాయతీ తన ఆర్థిక సంఘం గ్రాంటులోంచి పెట్టాలి.

చాలామంది తప్పు చేసేది ఇక్కడే. ఆ 280 వంటగది, స్నానాల నీటికి. మలం గుంతలకు రాస్తే ఆడిట్‌లో పట్టుకుంటారు. రెండో గుంతను ఆర్థిక సంఘం టైడ్ గ్రాంటులో (చెప్పిన పనులకే వాడాల్సిన డబ్బులో) చూపించండి. 15వ ఆర్థిక సంఘం 2021–26 గ్రాంటులో 60 శాతం టైడ్. అందులో సగం పారిశుద్ధ్యం, ఓడీఎఫ్ నిలబెట్టడం, మలవ్యర్థాల నిర్వహణకు, మిగతా సగం తాగునీటికి. పని పేరు గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో ఉండి, ఈ-గ్రామస్వరాజ్‌లోకి (పంచాయతీల ప్రణాళికలు, చెల్లింపుల పోర్టల్) ఎక్కాలి. ప్రణాళికలో లేని పనికి చెల్లింపు కదలదు. ఇంటింటి జాబితాతో గ్రామసభ తీర్మానం, ఒక నమూనా డ్రాయింగుతో ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) ఎస్టిమేట్ జతచేయండి.

గుంతమేస్త్రీ గారు చెప్పిన స్నానాల నీటి సమస్యకు మాత్రం 280 పద్దు అచ్చంగా సరిపోతుంది. ఇంటింటికీ ఇంకుడు గుంత, జాగా లేనిచోట నాలుగైదు ఇళ్లకు కలిపి ఒకటి. ఆ నీళ్లు పక్కకు పోతేనే మరుగుదొడ్డి గుంత బతుకుతుంది. అందుకే నా మటుకు ఈ పని ముందు, రెండో గుంత తర్వాత.

కృష్ణాతీరం

ఇద్దరికీ ధన్యవాదాలు. పాత గుంత నిండి ఉంది కదా, దాన్ని పక్కన పెట్టుకుని మార్చడం ఏ వరుసలో? చెరువు పక్క వీధిలో వానాకాలం నీళ్లు మూడు నాలుగు అడుగుల్లోనే పడతాయి, కొన్నిసార్లు నేల మీదే నిలుస్తాయి. అక్కడ చేతిపంపులు కూడా ఉన్నాయి.

గుంతమేస్త్రీ

పాత గుంతను ముందు కదపొద్దు. కొత్త గుంతను దానికి కనీసం మీటరు ఎడంగా తవ్వండి. ఎడం తగ్గితే వాడుతున్న గుంత నీళ్లు ఆరబెట్టిన గుంతలోకి ఊరతాయి. బేసిన్ నుంచి వచ్చే పైపును మధ్యలో కోసి, అక్కడ లోపల 250 మిల్లీమీటర్ల చదరంగా జంక్షన్ చాంబర్ కట్టండి. అందులోంచి రెండు గుంతలకూ వై ఆకారంలో పైపులు, 15కి 1 వాలు, అంటే అడుగుకు ముప్పావు అంగుళం పైచిలుకు.

పాత గుంత నోటిని ఇటుక ముక్క, తడి మట్టితో మూసి కొత్తదాన్ని వాడుకలోకి తేవాలి. సిమెంటుతో మూయొద్దు, మూడేళ్ల తర్వాత పగలగొట్టాల్సింది మీరే. రెండు గుంతలున్న ఇళ్లకూ వెళ్లి ఈ చాంబర్ మూత ఎత్తి చూడండి. రెండు నోళ్లూ తెరిచి ఉండటం చాలాచోట్ల కనిపిస్తుంది. అప్పుడు రెండూ ఒకేసారి నిండుతాయి, అది కూడా ఒంటి గుంత కిందే లెక్క.

నిండడానికి ఎంత కాలం? మనిషికి ఏడాదికి సుమారు 45 లీటర్ల మడ్డి. ఐదుగురికి 225. మీటరు గుంతలో పట్టేది 785 లీటర్లు, కాబట్టి మూడేళ్లు దాటుతుంది. మూసిన గుంతను కనీసం 18 నెలలు, వీలైతే రెండేళ్లు ఆరనివ్వాలి. ఊచ దించి చూస్తే పొడిపొడిగా రావాలి, వాసన ఉండకూడదు. అప్పుడది ఎరువు. కీళ్లకు సిమెంటు పూసిన పాత గుంత అంత త్వరగా ఆరదు. ముందే పైనున్న నీళ్లను మడ్డి లాగే ట్యాంకరు బండితో లాగించేయండి. పూర్తిగా ఆరాక వర చుట్టూ బయటినుంచి అడుగు వెడల్పున తవ్వి, వరకు బయటినుంచే రంధ్రాలు కొట్టి, ఇటుక ముక్కలు నింపితే అదీ కొత్తదానిలా పనిచేస్తుంది. ఎవరూ లోపలికి దిగనక్కర్లేదు.

చెరువు వీధి వేరే కథ. నీళ్లు నిలిచేచోట, నీళ్లు లేచే మట్టం కంటే గుంత పైభాగం 300 మిల్లీమీటర్లు ఎత్తులో ఉండాలి. చుట్టూ మీటరు దూరం వరకు మట్టి పోసి గట్టిగా దిమ్మిస చేయాలి. బేసిన్ కూడా ఆ మేరకు పైకి లేవాలి, నాలుగు మెట్లు వస్తాయి, వృద్ధులకు పట్టుకునే రాడ్ పెట్టండి. చేతిపంపుకు 10 మీటర్ల ఎడం వదలండి. నేల ముతక ఇసుక అయితే ఆ దూరం కూడా చాలదు. చుట్టూ అరమీటరు సన్న ఇసుక కవచం వేసి, అడుగును బంకమట్టితో మూయాలి.

వడపోత

సెప్టిక్ ట్యాంకుల ముచ్చట ఎవరూ ఎత్తలేదు.

‘అందరికీ సెప్టిక్ ట్యాంకు’ అనేముందు ఒకటి గుర్తుంచుకోండి. ట్యాంకులో మడ్డి కింద పేరుకుంటుంది, బయటికొచ్చే నీటిలో క్రిములు అలాగే ఉంటాయి. ఆ నీటిని ఇంకుడు గుంతలోకి పంపితేనే పని పూర్తయినట్టు. ఐదుగురికి ట్యాంకు లోపల 1.5 మీటర్ల పొడవు, 0.75 వెడల్పు, నీటి లోతు మీటరు ఉంటే చాలు. ఊళ్లలో గది అంత ట్యాంకు కట్టి ‘ఇరవై ఏళ్లదాకా నిండదు’ అని చెప్పుకుంటారు. అది గొప్ప కాదు. అన్నేళ్లు తీయని మడ్డి గడ్డకట్టి, ట్యాంకు ఒట్టి పైపులా మారి, వచ్చింది వచ్చినట్టే కాలువలోకి వదులుతుంది. రెండు మూడేళ్లకోసారి తీయించాల్సిందే.

మీ ఊళ్లో అవుట్‌లెట్లకు చేయాల్సింది చిన్న పనే. పైపు కాలువను తాకేలోపు 900 మిల్లీమీటర్ల వ్యాసంతో, పైపు కింద మీటరు లోతుతో, ఇటుక ముక్కలు నింపిన గుంత. నల్లరేగడి కాబట్టి పైన చెప్పిన లెక్కతో పెద్దది చేసుకోండి. అరుగు తప్ప జాగా లేని ఇళ్లను మాత్రం ఇలా సరిచేయలేం. ఆ వీధి కాలువ చివర నీటిని శుద్ధి చేసే చెరువో, రెల్లు మడో పెట్టాలి.

మడ్డి తీయడానికి మనిషిని దించితే నేరం. చేత్తో మలం ఎత్తే పనిని నిషేధించిన 2013 చట్టం ప్రకారం మొదటిసారికే రెండేళ్ల వరకు జైలు, లేదా 2 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. కాంట్రాక్టర్‌కు ఇచ్చాం కదా అంటే పంచాయతీ తప్పించుకోలేదు. మురుగు పనిలో చనిపోయినవారి కుటుంబానికి 10 లక్షలుగా ఉన్న పరిహారాన్ని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో 30 లక్షలు చేసింది. అదే చట్టం మలం పూర్తిగా కుళ్లక ముందు చేత్తో తీసే పనిని నిషేధించింది. రెండేళ్లు ఆరిన గుంతలోని ఎరువు అందులోకి రాదు. చట్టం వైపు నుంచి చూసినా జంట గుంతలే మేలు.

బండి ఎక్కడ ఖాళీ చేస్తోందో అడిగారా? ‘ఊరి బయట’ అంటే ఏదో వాగే. మలవ్యర్థాల శుద్ధికి మనిషికి 230 రూపాయల దాకా పద్దు ఉంది, అది జిల్లా స్థాయిది. ఒక్క పంచాయతీకి ప్లాంటు పెట్టొద్దు, నడపలేక మూతపడుతుంది. వరంగల్‌లాంటి నగరాల్లో శుద్ధి కేంద్రాలు ఉన్నాయి. మీకు దగ్గరి మున్సిపాలిటీలో ఉంటే చుట్టుపక్కల పంచాయతీలు కలిసి ఒప్పందం చేసుకోవడం తేలిక. బండికి డబ్బు ఇంటి దగ్గర కాకుండా, ప్లాంటు గేటు దగ్గర రసీదు చూపించాక ఇచ్చేలా రాసుకోండి. ఇంటి దగ్గరే చేతికిస్తే డీజిల్ మిగుల్చుకోడానికి మళ్లీ వాగు దగ్గరే వాల్వు తిప్పుతాడు.

ఎం-బుక్

ఆ రసీదు నిబంధనను తీర్మానంలోనే పెట్టండి, తర్వాత ఒప్పందంలో దూర్చడం కష్టం. ఇంకొకటి: రెండో గుంత పనికి ఎం-బుక్ (పని కొలతల పుస్తకం) రాసేముందు, మూత వేయకముందు మూడు ఫొటోలు అడగండి. రంధ్రాలు కనిపించేలా వర, చుట్టూ వేసిన కంకర, నోరు మూసిన చాంబర్. మూత పడ్డాక కొలిచేదేమీ ఉండదు.

కృష్ణాతీరం

ముందు స్నానాల నీటికి ఇంకుడు గుంతలు, ఆ తర్వాత చెరువు వీధి వదిలి మిగతా ఇళ్లకు రెండో గుంత. ఈ వరుసలో జాబితా రాస్తున్నాను. చాంబర్ డ్రాయింగు ఎవరి దగ్గరైనా ఉంటే ఇక్కడ పెట్టగలరు.

గుంతమేస్త్రీ

డ్రాయింగు రేపు పెడతాను. ఈలోపు ఐఎస్ (భారతీయ ప్రమాణం) 12314 తీయించి ఏఈ గారికి ఇవ్వండి, ఇంకే గుంతల కోడ్ అదే. సెప్టిక్ ట్యాంకులకు ఐఎస్ 2470.