1500లో మూడో ల్యాప్ పడిపోతోంది: టెంపో ఏ పేస్‌లో పెట్టాలి?

మట్టిట్రాక్_మాస్టారు:

నా దగ్గర ప్రాక్టీస్ చేస్తున్న కుర్రాడికి 19 ఏళ్లు. 400 మీటర్లు 52.4, 800 మీటర్లు 1:57, 1500 మీటర్లు 4:09. 5000 ఒక్కసారే పరిగెత్తాడు, 17:05 వచ్చింది. మొన్నటి 1500లో ల్యాప్ టైములు వరసగా 63, 66, 71, చివరి 300 మీటర్లకి 49. ఎప్పుడూ ఇదే తంతు. మూడో ల్యాప్‌లో నలుగురు దాటేస్తారు, ఆఖర్లో ఇద్దర్ని మళ్లీ పట్టుకుంటాడు.

వారానికి 50 కిలోమీటర్లు పరిగెత్తుతున్నాడు. మంగళవారం 6 కిలోమీటర్ల టెంపో (ఒకే వేగంతో, ఏకబిగిన, కాస్త గట్టిగా పరుగు). శుక్రవారం 400×8, అంటే 400 మీటర్లు ఎనిమిది సార్లు, ఒక్కోటి 65 సెకన్లలో, మధ్యలో 2 నిమిషాల విరామం. ఆదివారం 12 కిలోమీటర్ల లాంగ్ రన్. మిగతా రోజులు ఈజీ.

4:09 టైము కొడితే ఆన్‌లైన్ కాలిక్యులేటర్ త్రెషోల్డ్ పేస్ (ఒళ్లు అదుపు తప్పకుండా చాలాసేపు పట్టుకోగల వేగం) కిలోమీటరుకి 3:20కి కాస్త అటూఇటూగా చూపిస్తోంది. నేను కొంచెం తగ్గించి 3:25 పెట్టాను. మొదటి మూడు కిలోమీటర్లు బాగానే వస్తాయి. నాలుగోది 3:33, ఆరోది 3:45. ఆఖర్లో పల్స్ 190 దాటుతోంది, గరిష్ఠం 198. రెండు నెలలుగా ఇంతే, మెరుగు లేదు. పేస్ తప్పా, మరేదైనా తప్పా? రాష్ట్ర స్థాయి మీట్‌కి 12 వారాలుంది.

స్ప్లిట్స్_రాసుకో:

కుర్రాడి తప్పేం లేదు మాస్టారూ, కాలిక్యులేటర్‌కి ఇవ్వాల్సిన అంకె అది కాదు. 17:05 అంటే కిలోమీటరుకి ఎంత? సరిగ్గా 3:25. అంటే మీరు ప్రతి మంగళవారం టెంపో పేరుతో అతని చేత 5000 రేసు పరిగెత్తించి, పైన ఇంకో కిలోమీటరు కొసరు అడుగుతున్నారు. నాలుగో కిలోమీటరు జారక ఏం చేస్తుంది?

1500 టైము నుంచి త్రెషోల్డ్ లెక్కగట్టడం 1500, 5000 రెండూ ఒకే స్థాయిలో పరిగెత్తేవాళ్లకే కుదురుతుంది. 400ని 52లో కొట్టేవాడి 1500లో స్పీడ్ వాటా ఎక్కువ. కాలిక్యులేటర్ ఆ స్పీడ్‌ని కూడా ఓర్పు కింద జమ కట్టేస్తుంది. ఇలాంటివాళ్లకి 5000 టైమునే నమ్మండి. 5000 రేసు పేస్‌కి కిలోమీటరుకి 15 నుంచి 18 సెకన్లు కలపండి. మీవాడికి 3:40 నుంచి 3:43 వస్తుంది. ట్రాక్ మీద ల్యాప్‌కి 88–89 సెకన్లు. చూడ్డానికి నెమ్మదిగా ఉంటుంది. ఉండనివ్వండి.

ఎందుకు నెమ్మదిగా అంటారా? సాగర్ డ్యామ్ వార్తల్లో ఇన్‌ఫ్లో, ఔట్‌ఫ్లో అంటారే, పరిగెత్తేటప్పుడు కండరంలో పుట్టే లాక్టేట్ కథ కూడా అదే. విశ్రాంతిలో రక్తంలో లీటరుకి 1 మిల్లీమోల్ దరిదాపుల్లో ఉంటుంది. ఈజీ జాగ్‌లో వచ్చింది వచ్చినట్టే ఖర్చయిపోతుంది. వేగం పెంచుతూ పోతే ఒకచోట వచ్చేదీ పోయేదీ సమానమవుతాయి, చాలామందిలో అది 3–4 మిల్లీమోల్ దగ్గర. ఆ గీతే త్రెషోల్డ్. అది దాటితే మట్టం పెరుగుతూనే ఉంటుంది. మనం పెంచాల్సింది ఔట్‌ఫ్లోని, గేట్ల సంఖ్యని. లాక్టేట్ విషమూ కాదు, చెత్తా కాదు. నెమ్మది పోగుల కండరాలు, గుండె దాన్ని ఇంధనంగా వాడుకుంటాయి. ఆ వాడకం నేర్పేది గీతకి కొంచెం కింద గడిపే నిమిషాలే. మీవాడు 3:25లో మొదలెట్టి పది నిమిషాలకే గీత దాటి, మిగతా పదకొండు నిమిషాలు ఈడ్చుకుంటూ వస్తున్నాడు. అలసట దండిగా వస్తోంది, కావాల్సిన నిమిషాలు మాత్రం జమ కావడం లేదు.

మూడో ల్యాప్ సంగతికొస్తే, 4:09 అంటే సగటున ల్యాప్‌కి 66.4. అతను మొదటిది 63లో వెళ్లాడు. త్రెషోల్డ్ తక్కువగా ఉన్నవాడు మూడున్నర సెకన్లు ముందే ఖర్చు పెడితే ఆ అప్పు వెయ్యి మీటర్ల దగ్గర తీర్చాలి. చివరి 300 మీటర్లు 49లో వచ్చాయంటే స్పీడ్‌కి లోటు లేదు, గుండె ధైర్యానికీ లోటు లేదు. 800లోనే శక్తిలో దాదాపు మూడింట రెండు వంతులు ఆక్సిజన్ దారినే వస్తుంది, 1500లో ఐదింట నాలుగు వంతులు. 1:57 పరిగెత్తేవాడు 4:02కి అటూఇటూగా ఉండాలి. ఆ ఏడు సెకన్లూ ఈ వాటాలోనే ఉన్నాయి.

ఇప్పుడు చేయాల్సింది. ఏకబిగిన 6 కిలోమీటర్లు ఆపేయండి. 1000×5, ఒక్కోటి 3:40–3:43లో, మధ్యలో 60 సెకన్ల జాగ్. ముందు 15 నిమిషాల వార్మప్, నాలుగు స్ట్రైడ్లు (హాయిగా వేగం పెంచే చిన్న పరుగులు). మొదటి రెండూ 3:45లో వచ్చినా పర్లేదు, మొదటిది 3:34లో వస్తే మాత్రం ఆపి తిట్టండి. రెండో వారం అదే. మూడో వారం 1000×6. తర్వాత 1500×4, ఆ తర్వాత 2000×3. చూడండి, పేస్ ఎక్కడా మార్చడం లేదు, నిమిషాలే పెంచుతున్నాం. ఒక సెషన్‌లో త్రెషోల్డ్ దూరం వారం మొత్తంలో పదో వంతుకి మించి పెద్దగా పోకూడదు. మీకు అది 5–6 కిలోమీటర్లు. ఎక్కువ కావాలంటే ముందు వారం దూరం 60కి పోవాలి, అదీ ఈజీ పరుగుతోనే, వారానికి 3–4 కిలోమీటర్ల చొప్పున.

ఆరు వారాలకోసారి టెస్ట్ పెట్టండి. ఒంటరిగా, మొదటి లేన్‌లో 30 నిమిషాలు, తట్టుకోగలిగినంత వేగంగా. మొదటి పది నిమిషాలు వదిలేసి తర్వాతి 20 నిమిషాల సగటు పల్స్ రాసుకోండి, అది త్రెషోల్డ్ పల్స్‌కి దగ్గరగా ఉంటుంది. 198 గరిష్ఠం ఉన్నవాడికి 170–178 మధ్య రావచ్చు. జట్టుతో కలిపి మాత్రం ఈ టెస్ట్ వద్దు, పక్కవాణ్ణి చూసి మొదటి కిలోమీటరు తగలేస్తారు.

నాలుగో_లేన్:

పైన చెప్పిన 88 సెకన్లు *ఏ లేన్‌లో* అన్నది మాట్లాడుకోవాలి. చాలా స్టేడియంలలో సింథటిక్ ట్రాక్ అరిగిపోతుందని మొదటి రెండు మూడు లేన్లలో రోజువారీ ప్రాక్టీసుకి ఒప్పుకోరు. పిల్లలు నాలుగో లేన్‌లో తిరుగుతూ 400 టైము చూసుకుంటారు. రెండో లేన్‌లో ఒక చుట్టు 407 మీటర్లు, మూడులో 414.7, నాలుగులో 422.4. నాలుగో లేన్‌లో 88 సెకన్లకి చుట్టు వస్తే అసలు పేస్ కిలోమీటరుకి 3:28. మళ్లీ పాత గోతిలో పడ్డట్టే! ఆ లేన్‌లో 3:40 కావాలంటే చుట్టుకి 93 సెకన్లు. ట్రాక్ మీద జీపీఎస్ వాచీ చెప్పే పేస్‌ని నమ్మకండి, వంపుల్లో దాని లెక్క తప్పుతుంది. వాచీలో ల్యాప్ బటన్ నొక్కడం అలవాటు చేయండి.

మట్టి ట్రాక్ అయితే టేపు పట్టి ఒకసారి కొలవండి. లోపలి అంచున ఎత్తు గట్టు ఉంటే దాన్నుంచి 30 సెంటీమీటర్లు, సున్నపు గీత మాత్రమే ఉంటే దాన్నుంచి 20 సెంటీమీటర్ల అవతల కొలవాలి, గీత మీద కాదు.

రెండోది ఎండ. మార్చి దాటాక మన దగ్గర పొద్దున ఆరున్నరకే ఒళ్లు తడిసిపోతుంది. విశాఖలాంటి చోట ఎండ లేకపోయినా ఉక్క చాలు. చల్లబరచడానికి రక్తం చర్మం వైపు మళ్లుతుంది, కాబట్టి అదే పేస్‌కి పల్స్ ఎక్కువ చూపిస్తుంది, ఆఖరి రెప్స్‌లో (1000×5లో ఒక్కో 1000 ఒక రెప్) ఇంకా పైకి పాకుతుంది. ఆ రోజుల్లో పేస్ పట్టుకుని వేలాడకండి. కిలోమీటరుకి 5–10 సెకన్లు వదులుకుని, పల్స్‌ని, మాటని చూడండి. రెప్ అయిన వెంటనే అతను నాలుగైదు పదాల వాక్యం ఒక్క ఊపిరిలో చెప్పగలిగితే సరైన చోట ఉన్నట్టు. ఒక్కో పదానికీ రొప్పుతుంటే గీత దాటాడు. మణికట్టు దగ్గర పల్స్ చూపే వాచీలు ఒక్కోసారి గుండె లయని వదిలేసి అడుగుల లయని లెక్కపెడతాయి. నిమిషానికి 180 అడుగులు వేసేవాడికి 180 పల్స్ కనిపిస్తే అనుమానించండి. ఛాతీ బెల్టు మేలు.

ఎవరో ఒకరు నార్వే పద్ధతి గురించి అడుగుతారు కనక ముందే చెప్తున్నా. పొద్దునా సాయంత్రమూ త్రెషోల్డ్ చేసే ఆ పద్ధతిని నార్వే రన్నర్ మారియస్ బాకెన్ ప్రచారంలోకి తెచ్చాడు, అదే దేశపు రన్నర్లు ఇంగెబ్రిగ్ట్సెన్ అన్నదమ్ముల వల్ల లోకమంతా తెలిసింది. వాళ్లలో యాకబ్ టోక్యో ఒలింపిక్స్‌లో 3:28.32తో అప్పటి ఒలింపిక్ రికార్డు పెట్టి 1500 గెలిచాక అందరికీ అదే మంత్రం. కానీ వాళ్లు వారానికి 150 కిలోమీటర్లు దాటి పరిగెత్తేవాళ్లు, రెప్‌కీ రెప్‌కీ మధ్య చెవి తమ్మె నుంచో వేలి నుంచో రక్తం చుక్క తీసి మీటర్లో చూసుకునేవాళ్లు. ఆ కొలత కూడా ఆపడానికే, తోయడానికి కాదు. 3 దాటి 4కి పోతుంటే పేస్ తగ్గిస్తారు. 50 కిలోమీటర్ల కుర్రాడికి ఒకే రోజు రెండు సెషన్లు పెడితే పిక్కలూ మడమ వెనక స్నాయువూ ముందు చేతులెత్తేస్తాయి. అందులోంచి తీసుకోవాల్సింది ఆ అదుపు ఒక్కటే.

మీ దగ్గర లాక్టేట్ మీటర్ ఉంటే ఒక జాగ్రత్త. చెమటలోనూ లాక్టేట్ ఉంటుంది. చర్మం శుభ్రంగా తుడిచి, ఆరనిచ్చి, మొదటి చుక్క తుడిచేసి రెండోదే స్ట్రిప్‌కి అందించాలి. లేకపోతే 3 ఉండాల్సింది 6 చూపించి కంగారు పెడుతుంది.

మట్టిట్రాక్_మాస్టారు:

లేన్ల లెక్క విన్నాక ఒకటి ఒప్పుకోవాలి, మావాళ్లు తిరిగేది మూడో లేన్‌లోనే. రెండు ప్రశ్నలు. ఈ నెమ్మది పరుగుతో అతని 800 స్పీడ్ పోదా? శుక్రవారం 400లు ఉంచాలా, తీసేయాలా?

ఎనిమిదివందలు:

మీ భయం సబబే. 52 సెకన్ల 400 ఉన్న కుర్రాడి చేత వారానికి మూడు త్రెషోల్డులు చేయిస్తే రెండు నెలల్లో కాళ్లలో చురుకు చస్తుంది. పైవాళ్లు చెప్పిన పేస్ సరైనదే, కానీ నేనైతే ఇలాంటివాడికి 2000 రెప్స్ దాకా వెళ్లను. వేగం పోగులు ఎక్కువున్నవాళ్లు పొడవాటి రెప్‌లో ఆరో నిమిషం దాటాక ఫామ్ పాడుచేసుకుంటారు, నడుము కూలబడి మడమ మీద పడతారు. చిన్న ముక్కలు, చిన్న విరామాలు పెట్టండి. 400×15, ఒక్కోటి 86–88లో, మధ్యలో 30 సెకన్లు నిలబడడమే. మొత్తం 6 కిలోమీటర్లే అవుతుంది, అడుగు మాత్రం చెక్కుచెదరదు. విరామం 60కి పెంచకూడదు, పెంచితే కుర్రాడు దాన్ని 78లో పరిగెత్తి ఇంటర్వెల్ చేసేస్తాడు. మంగళవారం 1000లు, శుక్రవారం ఈ 400లు, మొదటి ఆరు వారాలు. 65లో చేసే 400లు అప్పటిదాకా పక్కన పెట్టండి.

స్పీడ్‌ని కాపాడేది తక్కువ డోసులో తరచూ. సోమవారం, గురువారం ఈజీ పరుగు ఆఖర్లో 100×6 స్ట్రైడ్లు, పూర్తి విరామంతో. శనివారం గుట్ట మీద 10 సెకన్ల స్ప్రింట్లు ఆరు, దిగేటప్పుడు నడకే. ఇందులో లాక్టేట్ పోగవదు, స్పీడ్ నిద్రపోదు.

ఏడో వారం నుంచి శుక్రవారాన్ని రేసు పేస్‌కి ఇవ్వండి. 4:03 లక్ష్యమైతే ల్యాప్‌కి 64.8, 300కి 48.6. నాలుగు 300లు చొప్పున రెండు సెట్లు, 300కీ 300కీ మధ్య 100 మీటర్ల జాగ్, సెట్ల మధ్య 4 నిమిషాలు. మంగళవారం త్రెషోల్డ్ మాత్రం ఆగదు. రేసుల కాలం రాగానే దాన్ని పూర్తిగా ఎత్తేయడం మనవాళ్లు మామూలుగా చేసే పొరపాటు. మూడు నాలుగు వారాల్లో ఓర్పు దిగజారి, సరిగ్గా మీట్ నాటికి మూడో ల్యాప్ మళ్లీ 70 అవుతుంది. ఆఖరి రెండు వారాల్లో కూడా 1000×3 ఉంచండి.

మీట్ రోజు మొదటి ల్యాప్ 65. రేసులో ఎవడు 62లో పోయినా సరే.

స్ప్లిట్స్_రాసుకో:

400×15 బాగుంది, ఒప్పుకుంటున్నా. నా 2000లు 1500–5000 రకం వాళ్లకి ఉంచేద్దాం.

ఒక్కటి కలుపుతా. పేస్ సరిచేశాక కూడా మూడు వారాల్లో అదే 3:42కి పల్స్ దిగకపోతే, లేదా పెరుగుతుంటే, వర్కౌట్ మార్చడానికి ముందు రక్త పరీక్ష చేయించండి. హిమోగ్లోబిన్ ఒక్కటే చాలదు, ఐరన్ నిల్వల్ని చూపే ఫెరిటిన్ కూడా అడగండి. హిమోగ్లోబిన్ మామూలుగానే ఉండి ఐరన్ నిల్వలు అడుగంటిన పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, మన గ్రౌండ్లలో తక్కువేం కాదు. ఫెరిటిన్ తక్కువొస్తే డాక్టర్ని అడక్కుండా మాత్రలు మొదలెట్టొద్దు. అన్నం తినగానే టీ తాగే అలవాటు మాత్రం ఈరోజే మాన్పించవచ్చు, భోజనానికీ టీకీ గంట ఎడం ఉండాలి. నిద్ర కూడా అడగండి. రాత్రి పన్నెండింటి దాకా ఫోన్ చూసి అయిదింటికి గ్రౌండ్‌కి వస్తే ఏ పేస్ పెట్టినా పల్స్ ఎక్కువే చూపిస్తుంది.

మొదటి సెషన్ మూడో లేన్‌లోనే చేయించాల్సి వస్తే చుట్టుకి 91–92 పెట్టండి. ఒక్కో రెప్ టైము, రెప్ ఆఖరి పల్స్, జాగ్ అయ్యాక పల్స్, మూడూ రాసి ఇక్కడ పెట్టండి.