సమస్య: "ఆరు మార్లు హెచ్చ నంకె లవియె"

అయ్యకోనేరు: ఈ వారం సమస్య ఇదే. ఆటవెలది నాలుగో పాదం. మొన్న విజయనగరంలో కోనేటి గట్టు మీద కూర్చుని మనవడి లెక్కల పుస్తకం తిరగేస్తుంటే తట్టింది. హెచ్చవేస్తే అంకెలు మారాలి కదా! మారకపోతే ఎలాగో మీరే చెప్పండి.

నాగావళి: నా పూరణ, మాస్టారూ.

నగము శరము గజము నయనము వేదము
చంద్రుఁ డనుచుఁ జెప్ప సంఖ్య యగును
ఒకటి మొదలుకొనుచు నొక్కొక్కటిగఁ బెంచ
ఆరు మార్లు హెచ్చ నంకె లవియె

ఇవి భూతసంఖ్యలు, అంటే అంకెలకు బదులు వస్తువుల పేర్లు: నగము (కొండ) 7, శరము 5, గజము (ఏనుగు) 8, నయనము 2, వేదము 4, చంద్రుడు 1. కాబట్టి కుడి నుంచి ఎడమకు వేసుకోండి: 142857. ఒకటిని ఏడుతో భాగిస్తే దశాంశం తర్వాత ఇదే ఆగకుండా తిరిగొస్తుంది. రెండు రెట్లు 285714, మూడు రెట్లు 428571, నాలుగు 571428, అయిదు 714285, ఆరు 857142.

గంటస్తంభం: నేనూ ఈ సంఖ్యనే పట్టుకుని "ఒకటి నాలుగు" అని మొదలెట్టి ఇరుక్కుపోయాను. "నాలుగు" భగణం (గురువు, రెండు లఘువులు), సూర్యగణం (మూడు లఘువులు, లేదా గురువు-లఘువు) చోట కూర్చోదు. మీ కొండ, ఏనుగు మాత్రం హాయిగా కూర్చున్నాయి!

అయ్యకోనేరు: మొదటి పాదం ముచ్చటగా ఉంది, నగము-నయనము యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదిరే జోడు) దానంతటదే పడింది. పేచీ మూడో పాదంతోనే. "పెంచ" తర్వాత "ఆరు" అని విడదీశారు. ద్రుతం (పదం చివర చేరే నకారం) ఉంది, "నారు మార్లు" కావాలి. యతికి ఢోకా లేదు. పైగా పెంచేది సంఖ్యనా, గుణకాన్నా? "ఒకటి మొదలు గాఁగ నొక్కొక్క గుణకాన / నారు మార్లు" అంటే రెండు చిక్కులూ పోతాయి.

నాగావళి: గుణకాన్నే అనుకున్నాను. మారుస్తాను.

పలాస జీడి: లెక్కలు నాకు రావు గానీ...

జీడిపప్పు వెలలు జీతము దినివేయ
చేతి కందునట్టి సిరుల లెక్క
మారదయ్య చూడ మా బ్యాంకు బుక్కులో
నారు మార్లు హెచ్చ నంకె లవియె

అయ్యకోనేరు: నవ్వించారు. కానీ హెచ్చింది ధరా, జీతమా? పద్యంలో తేలలేదు.

పలాస జీడి: అదేటి మాస్టారూ, డీఏ అండీ!

గంటస్తంభం: ఏడో రెట్టు సంగతి ఎవరూ ఎత్తలేదేం?

ఏడు రెట్లు చేయ నెల్ల తొమ్మిదులగు
నంతవరకు వరుస యదియె తిరుగు
చుట్టు తిరిగి వచ్చుఁ జోద్యంబు చూడఁగా
నారు మార్లు హెచ్చ నంకె లవియె

అయ్యకోనేరు: 999999 బాగా పట్టారు. "తిరుగు", "తిరిగి" పక్కపక్కనే పడ్డాయి. రెండో పాదంలో "నిలుచు" వేయండి, గణం అదే.

నాగావళి: చుట్టూ తిరగడానికి కారణం కూడా ఉంది. 1ని 7తో భాగించుకుంటూ పోతే శేషాలు 1, 3, 2, 6, 4, 5 అని ఆరూ వచ్చి మళ్లీ 1 దగ్గరికి చేరతాయి. ఏ శేషం దగ్గర మొదలెట్టినా అదే వలయం. దీని వర్గం 20408122449. దాన్ని 20408, 122449 అని విరిచి కూడితే మళ్లీ 142857! ఎనిమిది రెట్లు చేస్తే 1142856. ముందున్న ఒకటిని తీసి మిగిలిన 142856కి కూడితే పాత సంఖ్యే.

పలాస జీడి: తీసెయ్యకండి బాబూ, ఆ ఒకటిని ముందే ఉండనివ్వండి. మా బ్యాంకు బుక్కులో కావలసింది అదే.