రాల్ఫ్ నేడర్ నిజంగా గోర్ కొంప ముంచాడా?

పెన్నాతీరం:
మా మావయ్య 1999 నుంచి న్యూజెర్సీలో ఉంటున్నాడు. నిన్న ఫోన్లో ఎలక్షన్ల మాట వస్తే "2000లో ఆ లాయరు నేడర్ నిలబడకపోతే డెమోక్రాట్ గోర్ మీద బుష్ గెలిచేవాడే కాదు" అని అరగంట క్లాసు పీకాడు. కార్ల భద్రత కోసం జనరల్ మోటార్స్‌తో తలపడిన మనిషి అని మాత్రమే నాకు తెలుసు. అంత మంచి పేరున్నాయన గ్రీన్ పార్టీ తరఫున ఎందుకు దిగాడు? నిజంగానే ఓట్లు చీల్చాడా?

లెక్కల_పిచ్చి:
చీల్చాడు, సందేహం లేదు. ఫ్లోరిడాలో బుష్ మెజారిటీ 537, నేడర్‌కి పడ్డవి 97,488. అందరూ ఫ్లోరిడా దగ్గరే ఆగిపోతారు గానీ న్యూ హాంప్‌షైర్ చూడండి, అక్కడ బుష్ 7,211 ఓట్లతో బయటపడ్డాడు, నేడర్‌కి 22 వేలకు పైనే వచ్చాయి. ప్రెసిడెంట్‌ని తేల్చేది రాష్ట్రాలవారీగా ఉండే ఎలక్టోరల్ ఓట్లు, గెలవడానికి 270 కావాలి. ఆ రాష్ట్రానికున్న 4 కలిస్తే గోర్‌కి సరిగ్గా 270, ఇక ఫ్లోరిడాతో పనే లేదు. 2009లో మన దగ్గర ప్రజారాజ్యాన్ని ఏమన్నారో అక్కడ ఈయన్నీ అదే అన్నారు.

ఉప్పూకారం:
అబ్బా, మళ్లీ అదే పాట. ఫ్లోరిడా బ్యాలెట్ మీదున్న చిన్నాచితకా పార్టీలన్నిటికీ 537 కంటే ఎక్కువే వచ్చాయి, సోషలిస్ట్ వర్కర్స్ పార్టీకి కూడా 562. మరి వాళ్లనెవరూ తిట్టరేం? గోర్ తన సొంత రాష్ట్రం టెనెసీలోనే ఓడిపోయాడు. అక్కడ గెలిచినా ప్రెసిడెంట్ అయ్యేవాడు. ఇంట గెలవలేక పక్కింటాయన మీద ఏడిస్తే ఎలా?

నల్లకోటు:
ఎందుకు దిగాడనే దానికి ఎవరూ జవాబివ్వలేదు. కార్ల మీద ఆయన 1965లో పుస్తకం రాస్తే జనరల్ మోటార్స్ ఆయన వెనకాల డిటెక్టివులను పెట్టింది, ఆయన దావా వేసి 4,25,000 డాలర్లకు రాజీ చేసుకున్నాడు. వాహన భద్రత చట్టం 1966లోనే వచ్చింది. అంటే పదవి లేకుండానే చట్టాలు తెప్పించిన మనిషి. రెండు పెద్ద పార్టీలూ కంపెనీల జేబులో ఉన్నాయని అనిపించాకే 1996లో గ్రీన్ పార్టీ టికెట్ మీద నిలబడ్డాడు. 2000లో అసలు గురి గెలుపు మీద కాదు, 5 శాతం ఓట్ల మీద. అది దాటితే తర్వాతి ఎన్నికకు పార్టీకి ప్రభుత్వ నిధులు వస్తాయి. వచ్చింది 2.74.

నా మటుకు నాకు ఆయన తప్పు 2000లో లేదు, 2004లో మళ్లీ దిగడంలో ఉంది. అప్పటికి పాత అభిమానులే వద్దని బతిమాలారు. పెన్సిల్వేనియాలో బ్యాలెట్ ఎక్కడానికి 25 వేల పైచిలుకు సంతకాలు కావాలి. ఆయన మనుషులు తెచ్చిన కాగితాలపై డెమోక్రాట్ల తరఫువాళ్లు కోర్టుకెళ్తే, అందులో మిక్కీ మౌస్ సంతకం కూడా బయటపడింది! పేరు ఎత్తేయడమే కాదు, 81 వేల డాలర్ల ఖర్చులు కూడా ఈయన వర్గం మీదే వేశారు. కంపెనీలను కోర్టుకీడ్చిన లాయర్‌కి చివరికి కోర్టులోనే తల కొట్టేసినట్టయింది. ఆ ఏడాది దేశం మొత్తం మీద అర శాతం కూడా రాలేదు.

పెన్నాతీరం:
థాంక్స్ అండీ. మిక్కీ మౌస్ సంగతి మావయ్యకి చెప్పా, ఒప్పుకోలేదు, ఇంకో అరగంట పీకాడు. ఇంతకీ 2000లో నువ్వెవరికి వేశావు మావయ్యా అంటే, అప్పుడు హెచ్‌1బీ మీద ఉన్నాడట, ఓటే లేదు.