అండమాన్ 2001, 2011 జనాభా లెక్కలు కలిపేటప్పుడు బారాటాంగ్ దీవిని ఏ జిల్లాలో వేయాలి?

క్యూజీఐఎస్‌లో (మ్యాపులు గీసే సాఫ్ట్‌వేర్) అండమాన్ నికోబార్ జిల్లాల వారీగా 2001–2011 జనాభా మార్పు మ్యాప్ చేస్తున్నాను. 2001లో జిల్లాలు రెండే: అండమాన్ (3,14,084), నికోబార్ (42,068). 2006లో మాయాబందర్ కేంద్రంగా ఉత్తర మధ్య అండమాన్ జిల్లా విడిపోయింది కాబట్టి 2011లో మూడు: దక్షిణ అండమాన్ 2,38,142, ఉత్తర మధ్య అండమాన్ 1,05,597, నికోబార్ 36,842.

రెండు ఏళ్ల పట్టికలను జిల్లా పేరుతో జాయిన్ చేస్తే (జతపరిస్తే) నికోబార్ ఒక్కటే కలిసింది, మిగతా రెండూ నల్ (ఖాళీ). జిల్లా కోడ్‌తోనూ కుదరలేదు. 2011లో 638, 639, 640 అని దేశం మొత్తానికీ వరుస నంబర్లు, 2001లో రాష్ట్రం లోపల 01, 02. రెండు అండమాన్ జిల్లాలను డిజాల్వ్ చేస్తే (గీత చెరిపి ఒకటిగా కలిపితే) 3,43,739 వచ్చి లెక్క సరిపోతోంది గానీ, నాకు కావలసిందే ఆ విభజన. (నికోబార్ తగ్గుదల డేటా తప్పు కాదు, మధ్యలో 2004 సునామీ ఉంది.)

చివరికి 2001 తహసీల్ పట్టికలో దిగ్లీపూర్, మాయాబందర్, రంగత్ కూడి ఉత్తర మధ్య అండమాన్‌గా తీసుకున్నాను. లిటిల్ అండమాన్ దక్షిణ జిల్లాదే, అక్కడ పేచీ లేదు. చిక్కంతా బారాటాంగ్ దగ్గరే. మధ్య, దక్షిణ అండమాన్‌ల మధ్య ఇరుక్కున్న దీవి. నా షేప్‌ఫైల్‌లో (సరిహద్దుల మ్యాప్ ఫైలు) రంగత్ తహసీల్ గీత దాన్ని కలుపుకునే పోతోంది, అయితే ఆ ఫైలు 2011ది.

2001 పట్టికలో బారాటాంగ్ గ్రామాలు రంగత్ తహసీల్ కిందే లెక్కకొచ్చాయా, లేక దక్షిణ అండమాన్‌లోని ఫెరార్‌గంజ్ తహసీల్ నుంచి తీసి కలపాలా?