ఒగ్గు డోలు వాయించే మా తమ్మునికి సర్కారు సాయం దొరుకుతదా?

మాది జనగామ దిక్కు. తమ్మునికి 20 ఏండ్లు, వీల్‌చైర్ల ఉంటడు. చిన్నప్పటి సంది మేనమామ దగ్గర ఒగ్గు కథల వాయించే డోలు నేర్చిండు. మల్లన్న దేవునికి ముగ్గులేసి చేసే పట్నాల పూజలప్పుడు వాడు దరువేస్తే ముసలోళ్లు గూడ లేచి నిలవడ్తరు. మొన్న ఒక పోటీల స్టేజీకి ర్యాంపు లేదు. నలుగురు కుర్చీతోని ఎత్తిండ్రు, చేతులు వణికి మొదటి దరువే తప్పింది. వాని మొఖం సూడలేకపోయిన. వాడు ఈ విద్య ఇడువొద్దు. ఏమన్న దారి చెప్పుండ్రి.

జవాబు 1: కేంద్ర సాంస్కృతిక శాఖ కింద ఉండే సీసీఆర్‌టీ సంస్థ యువ కళాకారుల స్కాలర్‌షిప్ చూడు తమ్మీ. 18 నుంచి 25 ఏండ్లోళ్లకు నెలకు 5,000 రూపాయలు, రెండేండ్లిస్తరు. జానపద కళలకూ ఉన్నది. గురువు దగ్గర కనీసం ఐదేండ్లు నేర్చి ఉండాలె. నిపుణుల ముందట వాయించి చూపాలె. ఏ దరువు ఒగ్గు కథల ఏ సందర్భంల వస్తదో చెప్పుడు గూడ ప్రాక్టీసు చేయించు.

జవాబు 2: యూడీఐడీ కార్డు, అంటే దివ్యాంగుల గుర్తింపు కార్డు ఉన్నదా? 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 29వ సెక్షన్‌ల కళాకారులకు సాయం సంగతి ఉన్నది. ఇగ ఏ పోటీకైనా ర్యాంపు కావాలని ముందే కాగితం మీద రాసియ్యి. బతిమాలుడు కాదు, అది హక్కు.

అడిగినాయన: కార్డు ఉన్నదక్కా. ఇయ్యాల్నే మామతోని మాట్లాడ్త.