అప్‌డేట్: బ్యాక్‌గామన్ రేటింగ్ కదిలింది, తప్పు పాచికలది కాదు

రోజూ ఆడుతున్నా ఆన్‌లైన్ బ్యాక్‌గామన్‌లో (పాచికలు వేసి కాయలు జరిపే ఇద్దరి ఆట) నా రేటింగ్ 1500 దగ్గరే ఎందుకు ఆగిపోయిందని మూడు నెలల క్రితం అడిగాను. పాచికలను తిట్టుకోవడం మాని, ఓడిన ఆటలను గ్నూ బ్యాక్‌గామన్ అనే సాఫ్ట్‌వేర్‌లో విశ్లేషించి చూడమని మీలో ఎక్కువ మంది సూచించారు, అలాగే చేశాను. ప్రస్తుతం రేటింగ్ 1620 దాటింది.

నా పెద్ద పొరపాట్లు కాయలు జరపడంలో కాక, పందెం రెట్టింపు చేయడానికి వాడే డబ్లింగ్ క్యూబ్ దగ్గర బయటపడ్డాయి. ప్రత్యర్థి పందెం రెట్టింపు చేయగానే, వెనుకబడి ఉన్నానన్న భయంతో ఆట వదిలేసేవాణ్ణి. నాలుగు ఆటలు వదిలేస్తే నాలుగు పాయింట్లు పోతాయి. అవే నాలుగింటిని రెట్టింపు పందేనికి ఆడి, మూడు ఓడి ఒక్కటి గెలిచినా (ఆరు పోయి రెండు వస్తాయి) పోయేవి ఆ నాలుగే కాబట్టి, గ్యామన్ (ఒక్క కాయనూ బయటికి తీయకముందే ఓడి, రెట్టింపు నష్టపోవడం) ముప్పు లేని చోట గెలిచే అవకాశం పాతిక శాతానికి మించి ఉంటే ఒప్పుకోవడమే లాభమన్న సంగతి, కాగితం మీద లెక్క వేసుకున్నాక గానీ నాకు తలకెక్కలేదు.

ఒంటరి కాయల విషయంలోనూ కొంత మారాను. దారిలో అడ్డు లేనప్పుడు ప్రత్యర్థి కాయకు ఆరు గడుల దూరంలో ఉంటే దెబ్బ తినే అవకాశాలు రెండు పాచికలకు వచ్చే 36 కలయికల్లో 17, ఏడు గడుల దూరంలో ఉంటే ఆరే. ఒక్క గడికి ఇంత తేడా ఉంటుందని, సిగ్గు విడిచి చెబుతున్నాను, ఇన్నేళ్లూ గమనించనే లేదు. ముందంజలో ఉన్నప్పుడు నేను ఎప్పుడు రెట్టింపు చేయాలన్నది మాత్రం ఇంకా పట్టుబడలేదు. ఇప్పటికీ ఒకటి రెండు ఎత్తులు ఆలస్యంగానే క్యూబ్ తిప్పుతున్నాను.